నిద్ర పరీక్ష రిపోర్టు: మొదటి పేజీలో అంకె ఒక్కటే చూస్తే చాలదు

గురక పెట్టేవాడికి తన గురక వినబడదు. అది ఉన్నట్టుండి ఆగిపోవడం, పది పదిహేను లెక్కపెట్టేసరికి పెద్ద గుర్రుతో మళ్లీ మొదలవడం పక్కన పడుకున్నవాళ్లకే తెలుస్తుంది. నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బంతా (స్లీప్ ఆప్నియా) ఆ నిశ్శబ్దంలోనే ఉంది. బరంపురం, పర్లాకిమిడి, రాయగడల నుంచి నిద్ర పరీక్షకని విశాఖ బండెక్కేవాళ్లు పాత రిపోర్టుల సంచీతో పాటు రాత్రి పక్కన పడుకునే మనిషిని కూడా తీసుకెళ్లాలి. వీలుకాకపోతే గురక ఆగి మళ్లీ మొదలైనప్పుడు ఫోన్‌లో తీసిన రెండు నిమిషాల వీడియో అయినా చాలు.

నిద్ర సరిగా పట్టని ప్రతివాళ్లకీ ఈ పరీక్ష అక్కర్లేదు. మంచం మీద గంటలకొద్దీ దొర్లేవాళ్లు రెండు వారాల పాటు ఎప్పుడు పడుకున్నారో, ఎప్పుడు లేచారో రాసుకొస్తే దానితోనే చాలావరకు తేలుతుంది. పొద్దుగూకేసరికి పిక్కల్లో పురుగులు పాకినట్టుండి, లేచి నాలుగడుగులు వేస్తే తగ్గే బాధకీ ఈ పరీక్షతో పనిలేదు. రక్తంలో ఫెరిటిన్, అంటే ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతో చెప్పే అంకె, చూడాలి. అది మిల్లీలీటరుకి 75 నానోగ్రాములు లేదా అంతకన్నా తక్కువుంటే సాధారణంగా ముందు ఐరన్ ఇచ్చి చూస్తారు. గురకతో పాటు పగటి కునుకు ఉన్నవాళ్లకి, జాతీయ రహదారి 16 మీద స్టీరింగు దగ్గర కళ్లు మూతలు పడుతున్న డ్రైవర్లకి, కలలో అరుస్తూ పక్కవాళ్లని తన్నేవాళ్లకి మాత్రం రాత్రి పరీక్ష వాయిదా వేయకూడదు.

ఆ రాత్రి ఒంటికి అంటించేవి ఇరవై దాకా ఉంటాయి. తల మీద మెదడు తరంగాలకి ఎలక్ట్రోడ్లు, కళ్ల పక్కన రెండు, గడ్డం కింద, రెండు కాళ్లకీ మోకాలి కింద ముందువైపు, గుండెకి ఈసీజీ. ముక్కు దగ్గర గాలి ఒత్తిడిని పట్టే సన్నని గొట్టం, నోటి ముందు వేడిని పసిగట్టే తీగ, ఛాతీకి ఒకటి, పొట్టకి ఒకటి పట్టీలు, వేలికి ఆక్సిమీటరు. ఆ రెండు పట్టీలే కీలకం. గాలి ఆగినా ఛాతీ, పొట్ట ఎగిరెగిరి పడుతుంటే గొంతు మూసుకుపోయిందని అర్థం. అవీ కదలకపోతే ఊపిరి తియ్యమనే ఆజ్ఞ మెదడు నుంచే రాలేదన్నమాట. రెండింటికీ వైద్యం వేరు.

పరీక్ష చెడేది చిన్న విషయాల దగ్గరే. తలకి కొబ్బరినూనె ఉంటే ఎలక్ట్రోడు నిలవదు. అందుకే ఆ రోజు షాంపూతో తలంటుకుని, నూనె రాసుకోకుండా వెళ్లాలి. గుబురు గడ్డం ఉంటే గడ్డం కింది తీగ పట్టదు. గోళ్ల రంగు, నల్ల గోరింటాకు ఆక్సిమీటరుని తప్పుదారి పట్టించవచ్చు. ఉక్కపోతకి చెమట పడితే మెదడు గీతలు నెమ్మదిగా ఊగి, గాఢనిద్రలా భ్రమ కలిగిస్తాయి. గదిలో ఏసీ ఉండేది సుఖానికే కాదు. పగలు రైల్లో కునుకు తియ్యకూడదు, మధ్యాహ్నం దాటాక టీ ముట్టకూడదు. నిద్రమాత్రలు వాడుతుంటే దాచకుండా చెప్పాలి, మీ అంతట మీరే వాటిని ఆపకూడదు.

ఇంకో సంగతి. కోరాపుట్, రాయగడ వైపు సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు ఉన్నవాళ్లు తక్కువేం కాదు. వాళ్లలో కొందరికి మెలకువలో ఉన్నప్పుడే ఆక్సిమీటరు అంకె తక్కువ చూపిస్తుంది. ముందే చెబితే టెక్నీషియన్ ఆ అంకెని నమోదు చేసుకుంటారు. చెప్పకపోతే రాత్రి ఆక్సిజన్ లెక్క ఉన్నదానికన్నా భయంకరంగా కనబడుతుంది.

తెల్లారాక రికార్డుని 30 సెకన్ల ముక్కలుగా చదువుతారు. గాలి 90 శాతం లేదా అంతకు మించి తగ్గి కనీసం 10 సెకన్లు ఉంటే ఆప్నియా. 30 శాతమైనా తగ్గి, దానితో ఆక్సిజన్ 3 శాతం పడినా, మెదడు ఉలిక్కిపడి లేచినా హైపాప్నియా. నిద్రలో గంటకి ఇలాంటివి ఎన్నో అదే ఏహెచ్‌ఐ. 5 నుంచి 15 లోపు స్వల్పం, 15 నుంచి 30 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం.

అందరూ చూసేది ఈ అంకెనే. దాని పక్కన ఇంకో మూడు చూడాలి. ఎంతసేపు నిద్రపోయారు? వెల్లకిలా ఎంతసేపు పడుకున్నారు? కలలొచ్చే రెమ్ నిద్ర ఎంతసేపు పట్టింది? వెల్లకిలా పడుకున్నప్పుడు నాలుక వెనక్కి జారుతుంది, రెమ్‌లో కండరాలు వదులవుతాయి. గొంతు ఎక్కువగా మూసుకుపోయేది అప్పుడే. రాత్రంతా పక్కకి తిరిగి పడుకుని, రెమ్ దాదాపు రాకుండా గడిపిన మనిషికి ఏహెచ్‌ఐ 8 వచ్చిందంటే నాకైతే ఆ 8 మీద నమ్మకం ఉండదు. కొన్ని ల్యాబ్‌లు ఆక్సిజన్ 4 శాతం పడితేనే హైపాప్నియాగా లెక్కిస్తాయి. అదే రాత్రికి అక్కడ చిన్న అంకె వస్తుంది. ఇంటికిచ్చే చిన్న పరికరాల్లో చాలావాటికి మెదడు తీగలుండవు కాబట్టి మెలకువగా ఉన్న సమయాన్నీ కలిపి భాగిస్తాయి. అక్కడా అంకె తగ్గుతుంది. అనుమానం గట్టిగా ఉండి ఇంటి పరీక్షలో ఏమీ తేలకపోతే ల్యాబ్‌కే వెళ్లాలి.

వైద్యంలో ప్రధానమైనది సీపాప్, అంటే మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపే యంత్రం. 1981లో సిడ్నీలో కోలిన్ సల్లివాన్ తెచ్చిన పద్ధతి ఇది. సైకిలు ట్యూబులో గాలి నిలిచినట్టు గొంతులో గాలి ఒత్తిడి నిలబడి గోడలు అతుక్కోకుండా ఆపుతుంది. ఒత్తిడి ఎంతుండాలో కూడా రాత్రి పరీక్షలోనే తేలుస్తారు. 4 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి దగ్గర మొదలుపెట్టి, కనీసం 5 నిమిషాలు ఆగుతూ ఒక్కొక్కటే పెంచుతారు. జబ్బు తీవ్రంగా ఉందని మొదటి రెండు గంటల్లోనే తేలితే అదే రాత్రి మాస్కు పెట్టేస్తారు. చివరికి ఖాయం చేసిన ఒత్తిడి దగ్గర వెల్లకిలా, రెమ్‌లో కనీసం 15 నిమిషాలు నిద్ర పట్టిందా అని అడగండి. లేకపోతే ఆ ఒత్తిడి చాలకపోవచ్చు.

ఇంటికొచ్చాక మాస్కు మూలపడడానికి గాలి కారడం ఒక కారణం. రాత్రి చర్మం జిడ్డు పట్టిన మాస్కుని రోజూ సబ్బునీళ్లతో కడగాలి. గాలికి తేమ కలిపే తేమ పెట్టెలో బోరు నీళ్లు పోస్తే పొలుసు కడుతుంది, డిస్టిల్డ్ నీళ్లే పోయాలి. ఇక కరెంటు. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ తుపాన్లు చూసిన జిల్లాలకి ఇది చిన్న మాట కాదు. ఇన్వర్టరు మీద నడుపుతున్నప్పుడు తేమ పెట్టె వేడిని ఆపేస్తే బ్యాటరీ చాలాసేపు వస్తుంది, ఎక్కువ కరెంటు తాగేది అదే. బ్యాటరీ కూడా అయిపోతే మాస్కు తీసేసి, తల వైపు ఎత్తు చేసుకుని పక్కకి తిరిగి పడుకోవాలి.