డోలు మోత కింద మాట

హనుమకొండ చౌరస్తాలో ఏ సెల్ షాపులో ఇయర్‌బడ్స్ చూపించమన్నా ముందు వినపడే మాట "బేస్ మస్తుంటదన్నా". కొన్నాక మనం కూడా యాప్ తెరిచి, ఈక్వలైజర్‌లో ఎడమ చివరి స్లైడర్‌ను పైదాకా తోసేస్తాం. డీజే పాటకు అది నడుస్తుంది. అదే సెట్టింగ్‌తో ఐనవోలు జాతరలో ఫోన్‌తో రికార్డు చేసుకున్న ఒగ్గు కథ పెట్టి చూడండి. డోలు దరువు తప్ప ఇంకేమీ చెవికి ఎక్కదు. కథకుడు చెబుతున్నది మల్లన్న కథో, ఎల్లమ్మ కథో పోల్చుకోవడం కష్టం. అప్పుడు చాలామంది మాట వినపడే స్లైడర్లను కూడా పెంచుతారు. నా ఉద్దేశంలో అక్కడే దారి తప్పుతోంది. పెంచాల్సింది మాటను కాదు, తగ్గించాల్సింది డోలును.

మనిషి చెవికి అందేది 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా (హెర్ట్జ్ అంటే సెకనుకు ఎన్ని కంపనాలో చెప్పే కొలత). ఈక్వలైజర్ ఈ పరిధిలో ఒక్కో భాగం వాల్యూమ్‌ను విడిగా మారుస్తుంది, అంతకుమించి మాయ ఏమీ లేదు. డోలు బలమంతా ఎక్కువగా 250 హెర్ట్జ్ లోపే. మాటకు స్పష్టత ఇచ్చేది 1,000 నుంచి 4,000 దాకా ఉన్న భాగం. స, శ లాంటి అక్షరాల్లోని ఈల శబ్దం ఇంకా పైకి పోతుంది.

రెండూ వేర్వేరు చోట్ల ఉన్నప్పుడు ఒకటి ఇంకోదాన్ని ఎందుకు కప్పేస్తుంది? జవాబు లోపలి చెవి కట్టుబడిలో ఉంది. నత్తగుల్లలా చుట్టుకొని ఉండే కాక్లియాలో పొడవాటి పొర ఒకటి ఉంటుంది. శబ్దం లోపలికి వచ్చే మొదట్లో సన్నని ధ్వనులకు కదిలే భాగం, చిట్టచివర మంద్ర ధ్వనులకు, అంటే బేస్‌కు, కదిలే భాగం. మంద్ర ధ్వని అల తన చోటికి చేరాలంటే సన్నని ధ్వనుల చోటంతా దాటుకుంటూ పోవాలి. పోతూ పోతూ దాన్ని కూడా ఊపేస్తుంది. సన్నని ధ్వని అల మాత్రం మొదట్లోనే ఆగిపోతుంది, చివరి దాకా రాదు. అందుకే గట్టి డోలు మాటను కప్పేసినంత తేలిగ్గా మాట డోలును కప్పలేదు. ఈ పొర మీద అలలు ఎలా ప్రయాణిస్తాయో చూపించిన గియోర్గ్ ఫాన్ బెకెషికి 1961లో వైద్య నోబెల్ వచ్చింది.

కాబట్టి 100 నుంచి 250 హెర్ట్జ్ మధ్య నాలుగైదు డెసిబెల్స్ (సౌండు గట్టితనానికి కొలత) తగ్గించి చూడండి. కథకుడి మాట తేటపడుతుంది. మగవాళ్ల గొంతు మూలధ్వని, అంటే అందులో అన్నిటికన్నా కింద ఉండే ధ్వని, కూడా 100 హెర్ట్జ్ దగ్గరే మొదలవుతుంది కదా, గొంతు పలచబడదా అని సందేహం రావచ్చు. కొంచెం పలచబడుతుంది, అంతే. పాత ల్యాండ్‌లైన్ ఫోన్ 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే పంపేది. అయినా అవతల మాట్లాడేది పెదనాయినేనని గుర్తుపట్టేవాళ్లం. పై ధ్వనుల మధ్య ఉన్న దూరాన్ని బట్టి, లేని మూలధ్వనిని మెదడే పూరించుకుంటుంది.

పెంచడంలో ఇంకో చిక్కుంది. డిజిటల్ సౌండును కొలిచే లెక్కలో సున్నా డెసిబెల్సే పై కప్పు, మిగతావన్నీ దానికి కిందే; ఇప్పటి పాటలు చాలావరకు ఆ కప్పుకు తగిలేంత గట్టిగానే తయారవుతాయి. ఆరు డెసిబెల్స్ పెంచితే అల ఎత్తు రెట్టింపవుతుంది. పైన చోటు లేక అల తల తెగిపోతుంది, మనకు గరగర వినపడుతుంది. కొన్ని యాప్‌లు ఇది జరగకుండా మొత్తం వాల్యూమ్‌ను వాటంతటవే తగ్గించుకుంటాయి. మీ యాప్‌లో మొత్తం సౌండును ఒకేసారి పెంచే, తగ్గించే ప్రీయాంప్ అనే స్లైడర్ ఉంటే, ఎంత పెంచారో అంత అక్కడ దించండి.

అసలు బేసే రావడం లేదంటే ముందు చూడాల్సింది ఈక్వలైజర్ కాదు, రబ్బరు టిప్. చెవికి టిప్‌కి మధ్య సందు ఉంటే మొదట కారిపోయేది బేసే. కుడి చెవికీ ఎడమ చెవికీ వేరే సైజు పట్టేవాళ్లు కూడా ఉంటారు. ఇక రాత్రిపూట వాల్యూమ్ తగ్గించి వింటే పాట చప్పబడినట్టు ఉండటం ఇయర్‌బడ్స్ తప్పు కాదు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపారు: తక్కువ సౌండులో మన చెవి మంద్ర ధ్వనులను సరిగా పట్టుకోదు. 1,000 హెర్ట్జ్ ధ్వని 40 డెసిబెల్స్ దగ్గర ఎంత గట్టిగా వినపడుతుందో, 50 హెర్ట్జ్ ధ్వని అంతే గట్టిగా వినపడాలంటే దాదాపు 78 డెసిబెల్స్ కావాలి. ఇలా మెల్లగా వినేటప్పుడు బేస్ కాస్త పెంచుకోవడం న్యాయమే.

కాజీపేటలో సికింద్రాబాద్ రైలెక్కితే లెక్క మారుతుంది. పెట్టె మోతలో ఎక్కువ భాగం మంద్ర ధ్వనే, అది పాటలోని బేస్‌ను మింగేస్తుంది. దాన్ని గెలవాలని వాల్యూమ్ పెంచుకుంటూ పోవడం చెవికి మంచిది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పిన హద్దు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు. 90కి పోతే నాలుగు గంటలే. శక్తి పదింతలైంది కాబట్టి సమయం పదోవంతు. బయటి రొదను తగ్గించే నాయిస్ క్యాన్సిలేషన్ బాగా పనిచేసేది ఈ మంద్ర రొద మీదే, రైల్లో దాన్ని ఆన్ చేస్తే చాలు.

రికార్డింగ్‌లో లేనిదాన్ని ఈక్వలైజర్ పుట్టించలేదు కూడా. ఆడవాళ్లు చప్పట్లతో పాడిన బతుకమ్మ పాటలో 60 హెర్ట్జ్ దగ్గర పాట అంటూ ఏమీ ఉండదు. అక్కడ స్లైడర్ పెంచితే పైకి లేచేది మైకులో పడిన గాలి, మైకుసెట్టు వైర్లలోంచి వచ్చే 50 హెర్ట్జ్ కరెంటు గుమ్మనడం. ఆ స్లైడర్‌ను పూర్తిగా కిందికి దించేసినా పాటకు నష్టం లేదు.

మార్చాక బాగుందో లేదో తేల్చుకునేటప్పుడు రెండు సెట్టింగ్‌లనూ ఒకే సౌండులో వినండి, ఎందుకంటే కాస్త గట్టిగా ఉన్నదే మనకు బాగున్నట్టు తోస్తుంది. ఫోన్‌లో ఒక ఈక్వలైజర్, పాటల యాప్‌లో ఇంకొకటి, ఇయర్‌బడ్స్ యాప్‌లో మరొకటి ఉంటాయి. రెండు చోట్ల ఆరేసి డెసిబెల్స్ బేస్ పెంచితే మొత్తం పన్నెండు, అంటే అల ఎత్తు నాలుగింతలు. ఇయర్‌బడ్స్ యాప్‌లోది ఉంచి మిగతా రెండూ ఆపేయండి. చాలా మోడళ్లలో ఆ సెట్టింగ్ ఇయర్‌బడ్స్‌లోనే నిలిచి ఉంటుంది, ఫోన్ మార్చినా పోదు.