అగరు నూనె, పిలవని పెళ్ళి

ఒక పాఠకుడు అడిగారు: "చార్మినార్ దగ్గర ఊద్ నూనె కొన్నాను. నెల రోజులు మణికట్టుకి రాసుకున్నా ఏమీ కాలేదు. ఇప్పుడు రాసిన చోటల్లా దద్దుర్లు, దురద. నూనె పాడైందా?"

పాడవక్కర్లేదు. మీ ఒంటికి దాన్ని గుర్తుపట్టడం ఇప్పుడే వచ్చి ఉంటుంది.

ఊద్ అంటే అగరే. అగరు మానుకి మామూలుగా వాసనే ఉండదు. పురుగు తొలిచి, ఆ గాయంలో బూజు చేరితే చెట్టు నల్లటి జిగురు ఊరిస్తుంది. ఆ కలపని నానబెట్టి, ఉడికించి, ఆవిరి చల్లార్చితే నూనె వస్తుంది. అస్సాంలో హోజాయి దీనికి పెద్ద అంగడి. అది వేరే కథ, మళ్ళీ చెప్తాను.

ఈ నూనెలో ముఖ్యమైనవి సెస్క్విటెర్పీన్లు, అంటే అణువుకి 15 కార్బన్లుండే సువాసన పదార్థాలు. వీటి అణుభారం సుమారు 200–220 డాల్టన్లు (అణువుల బరువుకి కొలమానం). సుమారు 500 లోపు ఉన్న అణువులు చర్మం పైపొర దాటగలవు కాబట్టి వీటికి దారి సుగమమే. అయితే ఇంత చిన్న అణువుని రక్షణ వ్యవస్థ ఒంటరిగా పట్టించుకోదు.

పెళ్ళికి పిలవకుండా భోజనానికొచ్చినవాణ్ణి ఊహించుకోండి. మగపెళ్ళివారు ఆడపెళ్ళివారి తాలూకనుకుంటారు, వాళ్ళు వీళ్ళ తాలూకనుకుంటారు. వాడు ఊరుకోక పెళ్ళికొడుకు భుజమ్మీద చెయ్యేసి ఫొటో దిగుతాడు. చర్మంలోని ప్రోటీన్‌కి అతుక్కునే ఇలాంటి అణువుని హాప్టెన్ అంటారు. అప్పుడు మేనత్త చూస్తుంది (చర్మంలో కాపలా కాసే లాంగర్‌హాన్స్ కణం). ఆ ఫొటో పట్టుకెళ్ళి లింఫు గ్రంథిలో టి-కణాలందరికీ (దాడికి దిగే చుట్టాలు) చూపిస్తుంది. దీనికి పది పదిహేను రోజులు పడుతుంది, బయటికి ఏమీ కనిపించదు. కొన్నిసార్లు మేనత్త కంట పడటానికే నెలలు, ఏళ్ళు పట్టొచ్చు. ఆ తర్వాత ఏ పెళ్ళిలో వాడు కనబడినా గొడవే. చుట్టాలంతా పోగవడానికి మాత్రం ఒకటి రెండు రోజులు కావాలి.

అందుకే రాత్రి రాసి పొద్దున చూసుకునే పరీక్ష దండగ. కొత్తగా వాడబోయేవాళ్ళు 10 మిల్లీలీటర్ల కొబ్బరి నూనెలో రెండు చుక్కల ఊద్ కలిపి (సుమారు 1 శాతం), మోచేతి మడతలో రోజుకి రెండుసార్లు, కనీసం వారం రాయాలి. మచ్చ కనిపిస్తే ఆపెయ్యాలి. తాగడం, కంటి దగ్గర రాయడం, పసిపిల్లలకి పట్టించడం అసలే వద్దు.

"సహజమైనది కదండీ" అంటారు. నల్లజీడి సహజం కాదా? ఆ రసంతో బట్టలకి గుర్తు పెడితే, గుర్తు తగిలిన చోటే కొందరికి పొక్కులు లేస్తాయి. అక్కడా ఇదే మేనత్త.

పైగా చవక సీసాల్లో అగరు కొంచెం, ఇతర సుగంధాలు బోలెడు. వాటిలో లిమోనీన్, లినలూల్ అనే సువాసన పదార్థాలు ఉంటే మరీ చిక్కు. గాలి తగిలి ఆక్సీకరణం చెందాక అవి తాజా వాటికన్నా ఎక్కువగా అలర్జీ తెప్పిస్తాయి. మూత వదులుగా పెట్టి కిటికీలో ఉంచకండి.

మీ విషయంలో మాత్రం పలచన చేసి మళ్ళీ ప్రయత్నించొద్దు. టి-కణాలకి మరుపు తక్కువ. చర్మవైద్యులు అనుమానమున్న పదార్థాలు రాసిన పట్టీలు వీపుమీద వేసి, 48 గంటలకి తీసి, మర్నాడో ఆ తర్వాతో మళ్ళీ చూస్తారు. వెళ్ళేటప్పుడు ఆ సీసా కూడా పట్టుకెళ్ళండి.