ఒకటి నుంచి పదో తరగతి దాకా లెక్కల బోధన: అపోహలు – వాస్తవాలు

పిల్లల చదువు, లెక్కల స్థాయిని కొలిచే 'అసర్' 2024 సర్వే ప్రకారం గ్రామీణ భారతంలో ఎనిమిదో తరగతి పిల్లల్లో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు 45.8 శాతమే. ఉన్నత పాఠశాలలో గణితం చెప్పే ఎవరికీ ఈ అంకె ఆశ్చర్యం కలిగించదు. కారణాల విషయంలోనే మనలో అపోహలు పాతుకుపోయాయి.

అపోహ: కింది తరగతుల్లో చెప్పలేదు కాబట్టే పిల్లలకు లెక్కలు రావడం లేదు.

వాస్తవం: చాలాసార్లు చెప్పారు. చెప్పిందే పిల్లలు చేస్తున్నారు. 52 − 37 = 25 అని రాసిన నోటుపుస్తకాన్ని ఒకసారి నిదానంగా చూడండి. పదుల స్థానంలో 5లోంచి 3 తీస్తే 2, అది సరే. ఒకట్ల స్థానంలో 2లోంచి 7 పోదు. "ఎప్పుడూ పెద్దదానిలోంచే చిన్నది తీయాలి" అని ఆ పిల్లవాడు రెండో తరగతిలో విన్నాడు కాబట్టి 7లోంచి 2 తీసి 5 వేశాడు. అది అజాగ్రత్త కాదు, నేర్పిన నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించడం. అదే పిల్లవాడికి ఆరో తరగతిలో 3 − 7 = −4 అని చెబితే ఏ మాట నమ్మాలి?

"గుణిస్తే పెరుగుతుంది, భాగిస్తే తగ్గుతుంది" అన్నదీ ఇలాంటిదే. 8ని అరతో గుణిస్తే 4, అరతో భాగిస్తే 16. భిన్నాల దగ్గర పిల్లలు తడబడటానికి ఇదొక ముఖ్య కారణం. "ఎప్పుడూ" అన్న మాట వదిలేసి, "ఇప్పుడు మనకు తెలిసిన సంఖ్యలతో 2లోంచి 7 తీయలేం" అంటే చాలు. చిన్న తరగతికి అది భారమేమీ కాదు, పై తరగతిలో దాన్ని వెనక్కి తీసుకోవలసిన పనీ ఉండదు.

అపోహ: సమాన గుర్తు అందరికీ తెలిసిందే.

వాస్తవం: 8 + 4 = ☐ + 5 ఇచ్చి చూడండి. చాలామంది గడిలో 12 వేస్తారు, కొందరు 17 వేస్తారు. 7 వేసేవారు తక్కువే. వారి దృష్టిలో ఆ గుర్తుకు అర్థం "జవాబు ఇక్కడ రాయి" అని. రెండు వైపులా విలువ ఒకటేనన్న అవగాహన లేకుండా ఎనిమిదో తరగతికి వచ్చినవారికి "అటు వెళితే గుర్తు మారుతుంది" అన్న సూత్రం మంత్రంలా మిగిలిపోతుంది. బోర్డు మీద మనం 15 + 5 = 20 + 4 = 24 అని గొలుసుగా రాయడం మానేయాలి, ఏ తరగతిలోనైనా సరే; 15 + 5, 20 + 4 సమానం కావు కదా.

అపోహ: ఎక్కాలు వస్తే లెక్కలు వచ్చినట్టే.

వాస్తవం: ఎక్కాలు రావాల్సిందే. కానీ అవి ఒక్కటే చాలవు.

అపోహ: తరగతి పెరిగేకొద్దీ బొమ్మలు మానేసి సూత్రాలకు వెళ్లాలి.

వాస్తవం: కొన్ని బొమ్మలను చివరిదాకా తీసుకెళ్లాలి. 23 × 14కు ఒక దీర్ఘచతురస్రం గీసి, ఒక భుజాన్ని 20, 3గా, మరో భుజాన్ని 10, 4గా విడదీయండి. లోపల నాలుగు గదులు వస్తాయి: 200, 80, 30, 12. మొత్తం 322. నాలుగో తరగతిలో ఈ నాలుగు గదులు చూసిన పిల్లలకు ఎనిమిదిలో ద్విపదుల లబ్ధం, అంటే (a + b)(c + d) లాంటిది, కొత్త పాఠం కాదు. నాలుగు పదాలు ఎందుకు వస్తాయో వారే చెప్పగలరు. ఆ రెండు తరగతుల ఉపాధ్యాయులూ ఒకే బొమ్మ గీయాలి, అంతే.

అపోహ: కొత్త కార్యక్రమం వస్తే అన్నీ సర్దుకుంటాయి.

వాస్తవం: 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ మూడో తరగతి ముగిసేసరికి పిల్లలందరికీ చదవడం, రాయడం, లెక్కించడం రావాలని 2026-27ను గడువుగా పెట్టుకుంది. మంచి లక్ష్యం, మనస్ఫూర్తిగా పనిచేయవలసిన లక్ష్యం. అయితే మూడు నుంచి ఆరు దాకా ఉన్న వంతెన మనమే కట్టాలి. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఒక పూట తీసివేతకే కేటాయించండి. ఎస్జీటీలు (ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయులు), హైస్కూలు గణితం ఉపాధ్యాయులు పిల్లల నోటుపుస్తకాలతో రావాలి. తప్పు చేసింది ఎవరని కాదు, ఆ తప్పు వెనుక పిల్లవాడు పట్టుకున్న నియమం ఏమిటని వెతకాలి. ఒకరు "అప్పు తెచ్చుకోవడం" అని, మరొకరు "పదిని విడదీయడం" అని అంటుంటే ఏ మాట వాడాలో అక్కడే తేల్చుకోవాలి. నా ఓటు రెండోదానికి, ఎందుకంటే అప్పు తీర్చాలి కదా అని పిల్లలు అడుగుతారు. తర్వాతి సమావేశానికి భిన్నాలు తీసుకోవచ్చు.