పది మీటర్ల గీత కింద మిగిలిపోయిన చెరువుకట్టలు

2025 నవంబరులో కేవీబీపురం మండలం ఓళ్లూరు రాయలచెరువు కట్ట తెగి కళత్తూరును నీళ్లు ముంచెత్తాయి. అప్పుడు లేచిన ప్రశ్న తుపాను హెచ్చరిక వచ్చినప్పుడల్లా తిరుపతి జిల్లాలో మళ్లీ వినిపిస్తోంది. డ్యాముల భద్రతకు దేశంలో చట్టం ఉంది కదా, అది మన చెరువుకు వర్తించదా? వర్తించకపోతే ఈ కట్టను వానాకాలానికి ముందు చూడాల్సింది ఎవరు?

చెరువులు ఏ రాజులు తవ్వించారు, ఒక చెరువు నిండి ఇంకో చెరువుకు పారే గొలుసుకట్టు ఎలా ఏర్పడింది, చెరువు నీటిని పంచి కాపలా కాసే నీరుగంటి వ్యవస్థ ఎలా పోయింది అన్నవి ఇక్కడివారికి తెలియనివి కావు. నేటి ఈ ప్రశ్నకు మూలం అంత వెనక లేదు. 2021 నవంబరు 19 నుంచి డిసెంబరు 2 వరకు గడిచిన పదమూడు రోజుల్లో ఉంది.

నవంబరు 19 తెల్లవారుజామున రాజంపేట దగ్గర చెయ్యేరుపై ఉన్న అన్నమయ్య డ్యాం మట్టికట్ట కొట్టుకుపోయింది. దిగువన పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట తుడిచిపెట్టుకుపోయాయి, పదుల సంఖ్యలో మనుషులు పోయారు. అధికారుల వివరణ ఒక్క వాక్యంలో సరిపోతుంది: స్పిల్‌వే (అదనపు నీరు బయటికి పోయే దారి) సుమారు 2.17 లక్షల క్యూసెక్కులకు కట్టింది, వచ్చిన వరద మూడు లక్షలు దాటింది. ఆ లెక్క నిజమే. ఎగువన పింఛా ప్రాజెక్టు రింగ్ బండ్ (చుట్టుకట్ట) తెగి ఆ నీళ్లు కూడా వచ్చి కలిశాయి. కానీ దిగువ ఊళ్లవాళ్లు అడిగినవి వేరే ప్రశ్నలు. అయిదు గేట్లలో ఒకటి ఎందుకు లేవలేదు? అంత వాన కురుస్తుంటే జలాశయాన్ని ముందే ఎందుకు ఖాళీ చేయలేదు?

లెక్క వేస్తే రెండో ప్రశ్నకు ఎంత బలముందో తెలుస్తుంది. బయటికి పోయేదాని కన్నా లక్ష క్యూసెక్కులు అదనంగా వచ్చి పడుతుంటే జలాశయంలో గంటకు 0.36 టీఎంసీ పేరుకుంటుంది. అన్నమయ్య డ్యాం మొత్తం సామర్థ్యం 2.24 టీఎంసీలు. ముందుగా అర టీఎంసీ ఖాళీ ఉంచుకున్నా అంత వరదను ఆపలేరు, గంటన్నర దాకా గడువు మాత్రం దొరుకుతుంది. నిద్రలో ఉన్న ఊరిని మెరక మీదికి తరలించడానికి ఆ గంటన్నర చాలు. గేటు సంగతీ అంతే. అయిదింట ఒకటి బిగుసుకుంటే స్పిల్‌వే బలంలో అయిదో వంతు, అంటే నలభై మూడు వేల క్యూసెక్కుల దారి మూసుకుపోయినట్టే. కాంక్రీటు కట్టడం మీదుగా నీరు పొర్లినా కొంతసేపు తట్టుకుంటుంది. మట్టికట్ట మీద పొర్లితే వెనక వాలు కోసుకుపోవడం మొదలవుతుంది, ఆ తర్వాత దాన్ని ఆపగలిగేవాళ్లు ఉండరు.

రెండు రోజులు తిరగకముందే తిరుపతి పక్కన రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్ట లీకవడం మొదలైంది. ఓళ్లూరు చెరువుదీ ఇదే పేరు, రెండూ వేరు. దిగువ పల్లెలను ఖాళీ చేయించారు, రాత్రీపగలూ ఇసుక మూటలు పేర్చి కట్టను నిలబెట్టారు. కట్ట తెగలేదు కాబట్టి ఈ ఘటన త్వరగానే మరుగున పడింది. అలా మరిచిపోవడమే పొరపాటు. ఆ వారంలో రెండు రకాల ప్రమాదాలు బయటపడ్డాయి. ఒకటి గేట్లున్న డ్యాముది, రెండోది కాగితాలే లేని పాత చెరువుది. చట్టం మొదటిదాన్నే పట్టించుకుంది.

డ్యాం భద్రతా బిల్లును లోక్‌సభ 2019 ఆగస్టులోనే ఆమోదించింది. రాజ్యసభ 2021 డిసెంబరు 2న ఆమోదించింది, చట్టం డిసెంబరు 30 నుంచి అమల్లోకి వచ్చింది. ఈ చట్టం ఢిల్లీ మన నెత్తిన రుద్దిందని ఇక్కడ కొందరంటారు. అది సరికాదు. ఇలాంటి చట్టం చేయమని 2007లోనే పార్లమెంటుకు అధికారమిస్తూ తీర్మానించినవి ఆంధ్రప్రదేశ్, పశ్చిమ బెంగాల్ శాసనసభలు. ఆ తీర్మానాల మీదే 2010 బిల్లు వచ్చింది, సభ గడువుతోపాటే మురిగిపోయింది. డ్యాముల మరమ్మతుకు ప్రపంచ బ్యాంకు సాయంతో 2012లో మొదలైన డ్రిప్ పథకం తొలి దశలో మన రాష్ట్రం లేదు, రెండో దశలో చేరింది. ముందు అడిగిన రాష్ట్రమే పనిలో వెనకబడిందన్న మాట.

ఇక చెరువులను చట్టం బయట నిలిపిన పది మీటర్ల గీత సంగతి. ఎత్తు 15 మీటర్లు దాటితే డ్యాం చట్టం పరిధిలోకి నేరుగా వస్తుంది. 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉంటే మరో లక్షణం ఏదైనా ఉండాలి: కట్ట పొడవు 500 మీటర్లు, లేదా నిల్వ పది లక్షల ఘనపు మీటర్లు, లేదా వరద విడుదల సెకనుకు 2,000 ఘనపు మీటర్లు, లేదా చిక్కు పునాది, అసాధారణ డిజైను. పది మీటర్లకు లోపు ఉంటే ఎంత నీరు పట్టినా, కింద ఎన్ని పల్లెలున్నా చట్టానికి పట్టదు. పది లక్షల ఘనపు మీటర్లంటే 35 మిలియన్ ఘనపుటడుగులు. ఈ జిల్లాల్లో పెద్ద చెరువులకు అది పెద్ద లెక్క కాదు, వాటిని బయట నిలబెట్టేది ఎత్తొక్కటే.

ఆ ఎత్తును ఎక్కడి నుంచి కొలవాలన్న దగ్గరే అసలు మెలిక ఉంది. చట్టం చెప్పేది నేలమట్టం నుంచి కాదు, పునాదిలో అట్టడుగు భాగం నుంచి. పైకి తొమ్మిది మీటర్లు కనిపించే కట్టకు పునాది మీటరున్నర లోతుంటే అది పదిన్నర మీటర్ల డ్యాం. పాత చెరువులకు నక్షాలు లేవు. బోరు వేసి చూడందే పునాది ఎంత లోతుందో తేలదు. రైతు సంఘాలు ‘ముందు కొలవండి’ అని పట్టుబడితే అది గొంతెమ్మ కోరిక కాదు, చట్టం అక్షరాలా అడిగేదే.

చట్టం కిందికి వస్తే ఏం మారుతుంది? వానలకు ముందొకసారి, తర్వాతొకసారి తనిఖీ తప్పనిసరి. ప్రతి వరద సమయంలోనూ, ఆ తర్వాతా చూడాలి. నిర్వహణకు డబ్బు కేటాయించాలి. యజమాని జలవనరుల శాఖ కావచ్చు, తిరుమల కొండమీది డ్యాములకైతే టీటీడీ కావచ్చు, బాధ్యతలో తేడా లేదు. వీటిలో ఏదీ మామూలు చెరువుకు రాదు.

కట్టలు ఎలా తెగుతాయన్నది ఇంజనీర్లకూ తెలుసు, ఆయకట్టుదారులకూ తెలుసు. మొదటిది మొరవ, అంటే చెరువు నిండాక అదనపు నీరు పొర్లిపోయే చోటు. ఇంకాస్త నీరు నిలుస్తుందని మొరవ మీద మూటలు పేరుస్తారు, లేదా కింద మొరవ కాలువను పొలంలో కలుపుకుంటారు. మూడడుగుల మందాన పొర్లాల్సిన చోట రెండడుగులే పొర్లితే నీరు మూడో వంతు తగ్గుతుందనుకుంటారు. నిజానికి దాదాపు సగం తగ్గుతుంది. మిగతాదంతా కట్ట మీదికి ఎగబాకుతుంది. రెండోది తూము. పాత రాతి తూము చుట్టూ మట్టి వదులై నీరు దారి చేసుకుంటుంది. మూడోది కట్ట మీద పెరిగిన కంపచెట్లు. చెట్టు కొట్టేశాక వేరు కుళ్లి గొట్టంలా మారుతుంది, చీమలూ ఎలుకలూ ఆ గొట్టాన్ని పొడిగిస్తాయి.

కట్ట అడుగున తేటనీరు ఊరుతుంటే ఎంత వస్తోందో కొలుస్తూ కాపలా ఉండొచ్చు. బురదనీరు వస్తోందంటే లోపల మట్టి కొట్టుకొస్తోందని అర్థం. అప్పుడు చాలాచోట్ల చేసే తప్పు, ఆ కన్నానికి బయటినుంచి బంకమట్టి కొట్టడం. నీరు ఇంకోచోట పొడుచుకొస్తుంది. చేయాల్సింది ముందు ముతక ఇసుక, దానిపైన కంకర, ఆపైన రాళ్లు పరచడం. నీరు పోవాలి, మట్టి నిలవాలి. నేలలోంచి నీరు బుగ్గలా పొంగుతుంటే చుట్టూ మూటలతో బావిలా కట్టి నీటిమట్టం పెంచితే ఉరవడి తగ్గుతుంది. చెరువు లోపల సుడి కనిపిస్తే మూటలు వేయాల్సింది అక్కడ. ఇసుక, కంకర, ఖాళీ సంచులు వాన మొదలయ్యాక లారీలో రావు, అక్టోబరుకే కట్ట దగ్గర ఉండాలి.

గేట్ల విషయంలోనూ సంగతి ఇదే. 2024 ఆగస్టులో తుంగభద్ర 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోతే, ప్రవాహం పారుతుండగానే గేటు చోట అడ్డంగా నిలిపే ఇనుప పలకలైన స్టాప్‌లాగ్‌లు దించి ఆపిన పనికి దారి చూపింది చిత్తూరు జిల్లాకు చెందిన గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు. గేటు పోయాక అంత నైపుణ్యం కావాలి. పోకముందు కావాల్సింది గ్రీజు, గొలుసు తనిఖీ, ఏడాదికొకసారి గేటును పూర్తిగా ఎత్తి దించడం.

చట్టం కిందున్న డ్యాములకు అత్యవసర కార్యాచరణ ప్రణాళిక, స్వతంత్ర నిపుణులతో సమగ్ర పరీక్ష అయిదేళ్లలో పూర్తి కావాలి. 2026 డిసెంబరు 30తో ఆ గడువు తీరుతుంది. 1.85 టీఎంసీల పిచ్చాటూరు అరణియార్ జలాశయం గేట్లెత్తితే నీరు సురుటుపల్లి దాటి తమిళనాడు ఊత్తుకోటకు పోతుంది కాబట్టి, అక్కడి ప్రణాళికలోని ముంపు పటం రెండు రాష్ట్రాల ఊళ్లనూ చూపాలి. శిక్షల విషయంలో మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోలేం. జైలు ఏడాది, ప్రాణాలు పోతే రెండేళ్లు. అదీ ఆదేశాలు పాటించనందుకు, అడ్డుపడినందుకే. ఫిర్యాదు ప్రభుత్వమో, డ్యాం భద్రతా సంస్థలు అధికారమిచ్చినవారో చేయాలి. ఇల్లు కొట్టుకుపోయిన మనిషి నేరుగా కోర్టుకెక్కే దారి ఈ చట్టంలో లేదు. నష్టపరిహారం ఊసూ లేదు.

చట్టం సవరించేదాకా ఆగనక్కర్లేని పని ఒకటుంది. కింద ఊరున్న ప్రతి చెరువుకూ తనిఖీ పుస్తకం పెట్టి, మొరవ వెడల్పు, తూము స్థితి, కట్ట ఎత్తు రాసి, ఏటా రెండుసార్లు సంతకం చేయించాలని రాష్ట్రం ఒక ఉత్తర్వు ఇస్తే చాలు. ఓళ్లూరు చెరువుకు అలాంటి పుస్తకం ఉందా అన్నదే కళత్తూరు అడగాల్సిన మొదటి ప్రశ్న.