డిప్రెషన్: క్లినిక్‌లో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

నేను సైకియాట్రిస్ట్‌ని. డిప్రెషన్‌తో నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది అప్పటికే నెలల తరబడి బాధపడి ఉంటారు. ఇన్నాళ్ళూ ఎందుకు ఆగారని అడిగితే వచ్చే జవాబు దాదాపు ఒక్కటే: "నాకు నేనే బయటపడాలనుకున్నాను డాక్టర్ గారూ." ఈ జబ్బుతో చిక్కంతా అక్కడే ఉంది. బయటపడటానికి ఏ ఓపిక, ఏ ఆశ, ఏ ఏకాగ్రత కావాలో ముందుగా వాటినే అది తినేస్తుంది. ఈ సంగతి అర్థం కాకపోవడం వల్ల పుట్టిన అపోహలు చాలా ఉన్నాయి.

అపోహ: "ఏడవట్లేదు, ఉద్యోగానికి వెళ్తున్నాడు, అందరితో మాట్లాడుతున్నాడు. డిప్రెషన్ ఎలా అవుతుంది?"

వాస్తవం: కన్నీళ్ళు లేకుండా కూడా డిప్రెషన్ ఉంటుంది. మేం ముందు చూసే లక్షణాలు రెండు: ఎప్పుడూ దిగులుగా ఉండటం, ఇష్టమైన వాటి మీద కూడా ఆసక్తి పోవడం. వీటికి తోడు నిద్రలో మార్పు, ఆకలిలో మార్పు, ఏ పనీ చేయకుండానే నీరసం, చదివింది బుర్రకెక్కకపోవడం, మాటా నడకా మందగించడం లేదా కుదురుగా కూర్చోలేకపోవడం, ఎందుకూ పనికిరానన్న భావం, చావు గురించిన ఆలోచనలు. ఈ తొమ్మిదింటిలో కనీసం ఐదు ఉండాలి, అందులో మొదటి రెండింటిలో ఒకటైనా ఉండాలి. రెండు వారాల పాటు దాదాపు ప్రతిరోజూ ఇలాగే ఉండి, పనికీ అనుబంధాలకీ అడ్డుపడుతుంటే అది డిప్రెషన్.

పెద్దవయసువాళ్ళు చాలాసార్లు ఒంటినొప్పులతో వస్తారు. ఒకాయన నడుంనొప్పికి స్కానింగులూ రక్తపరీక్షలూ అన్నీ చేయించుకుని, ఎందులోనూ ఏమీ తేలక, ఆ ఫైలంతా పట్టుకుని వచ్చారు. నిద్ర సంగతి అడిగాను. "మూడింటికల్లా మెలకువ వచ్చేస్తుంది, ఇక పట్టదు" అన్నారు. పొద్దున మంచం దిగాలంటే భారం, సాయంత్రానికి కాస్త నయం. పక్కన కూర్చున్న భార్య అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. వెళ్ళబోయే ముందు, "మనవడు వచ్చి ఒళ్ళో కూర్చున్నా పట్టనట్టే ఉంటున్నారండీ" అన్నారు. అంత లావు ఫైలు చెప్పలేనిది ఆమె ఒక్క మాటలో చెప్పేశారు. టీనేజ్ పిల్లల్లో అయితే దిగులుకు బదులు చిరాకు, కోపం పైకి కనిపించవచ్చు. దాన్ని పొగరు అనుకుని తిట్టే ఇళ్ళు ఎన్నో.

అలాగని అంతా మనసుదే అని తేల్చేయకూడదు. థైరాయిడ్ తక్కువగా ఉన్నా, రక్తహీనత ఉన్నా, బి12 లోపం ఉన్నా ఇలాంటి నీరసమే రావచ్చు. అందుకే మొదటిసారి వచ్చినప్పుడు రక్తపరీక్షలు రాస్తాం.

మీకు మీరు చూసుకోవాలంటే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టిక ఉంది. మొత్తం 27 మార్కులు. 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డాక్టర్‌ని కలవండి. అది జబ్బును నిర్ధారించదు, కలవాల్సిన అవసరం ఉందో లేదో చెబుతుంది. చివరి ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి "లేదు" కాకుండా వేరే ఏ జవాబు వచ్చినా, మొత్తం ఎంతైనా సరే, ఆగకండి.

అపోహ: "మనసు గట్టి చేసుకుంటే అదే పోతుంది."

వాస్తవం: గట్టి మనసున్నవాళ్ళకూ వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచంలో దాదాపు 33 కోట్ల మందికి డిప్రెషన్ ఉంది. వంశపారంపర్యం, చిన్ననాటి దెబ్బలు, అయినవాళ్ళు పోవడం, ఉద్యోగం పోవడం, దీర్ఘకాలపు జబ్బులు, మద్యం ఇలా చాలా కారణాలు కలిసి పనిచేస్తాయి. "మెదడులో సెరటోనిన్ అనే రసాయనం తగ్గింది, అంతే" అన్న వివరణ కూడా ఎక్కువగా చెలామణిలో ఉంది. అది మరీ సులువు చేసిన మాట. సెరటోనిన్ తగ్గడమే కారణమని రుజువు కాలేదు. సెరటోనిన్ మీద పనిచేసే మందులతో చాలామందికి మేలు జరగడం మాత్రం పరీక్షల్లో తేలిన విషయం. ఈ రెండూ వేరువేరు సంగతులు.

అపోహ: "మూడ్ బాగయ్యాక నడక, పనులు అన్నీ మొదలుపెడతాను."

వాస్తవం: నా దృష్టిలో రోగిని అన్నిటికన్నా ఎక్కువ కాలం మంచానికి కట్టిపడేసే అపోహ ఇదే. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ డిప్రెషన్‌లో వరుస తిరగబడుతుంది: ముందు పని, ఆ తర్వాతే మూడ్. ఏమీ చేయకపోతే సంతోషం కలిగే సందర్భాలే తగ్గిపోతాయి, దాంతో దిగులు ఇంకా పెరుగుతుంది. 1970లలో పీటర్ లెవిన్‌సన్ అనే సైకాలజిస్ట్ ఈ చక్రం గురించి వివరంగా చెప్పారు. బిహేవియరల్ యాక్టివేషన్ అనే చికిత్సకు అదే పునాది.

నేను రోగులతో ఇలా రాయిస్తాను. కాగితం మీద రేపటి రోజు, పనికి ఎదురుగా టైము. "ఓపికుంటే" అన్న మాట అందులో ఉండకూడదు. ఏడింటికి మంచం దిగి మొహం కడుక్కోవడం. ఏడున్నరకు తలుపు బయట ఐదు నిమిషాలు నిలబడటం. సాయంత్రం ఒక్కరికి ఫోన్. చేయగలననుకున్న దాంట్లో సగమే రాయమంటాను, ఎందుకంటే మొదటి వారమే చేయలేకపోతే "చూశారా, నా వల్ల కాదు" అన్న ఆలోచనకు బలం చేకూరుతుంది. చేశాక సంతోషంగా అనిపించకపోయినా ఫర్వాలేదు, టిక్ పెట్టండి. సంతోషం ఆలస్యంగా వస్తుంది.

రాత్రి ఎప్పుడు నిద్రపట్టినా పొద్దున ఒకే వేళకు లేవడం నిద్రను దారిలో పెడుతుంది. మద్యం అప్పటికి మత్తు ఇచ్చినా, నిద్రనూ మూడ్‌నూ రెండింటినీ పాడు చేస్తుంది. ఉద్యోగం మానేయడం, విడిపోవడం లాంటి పెద్ద నిర్ణయాలు వాయిదా వేయగలిగితే వేయండి. ఇంట్లో హింస ఉంటే మాత్రం ఈ మాట వర్తించదు, ముందు అక్కడి నుంచి బయటపడాలి.

ఈ స్వయం సంరక్షణ ఎంతవరకు సరిపోతుంది? జబ్బు స్వల్పంగా ఉంటే ఇది, దీనితో పాటు కౌన్సెలింగ్ చాలవచ్చు. తిండి మానేసి, మంచం దిగలేని స్థితిలో ఉన్నవాళ్ళకు వ్యాయామం గురించి ఉపదేశాలు ఇవ్వడం నిర్దయ. వాళ్ళకు వెంటనే వైద్యం కావాలి.

అపోహ: "మందులు మొదలుపెడితే జీవితాంతం వాటికి బానిసలవ్వాలి."

వాస్తవం: యాంటీడిప్రెసెంట్ల (డిప్రెషన్ మందుల) కోసం మనసు లాగదు, అదే ఫలితం కోసం డోసు పెంచుకుంటూ పోవాల్సిన పనీ లేదు. అలవాటుపడే ప్రమాదం ఉన్నవి వేరే, బెంజోడయాజెపీన్ రకం నిద్రమాత్రలు. చాలామంది ఈ రెంటినీ ఒకే గాటన కడతారు. అయితే యాంటీడిప్రెసెంట్లను ఉన్నట్టుండి ఆపితే తల తిరగడం, వికారం, తలలో షాక్ కొట్టినట్టు అనిపించడం జరగొచ్చు. అందుకే వాటిని మెల్లగా తగ్గిస్తూ ఆపాలి, డాక్టర్‌తో చెప్పే ఆపాలి.

మొదటి వారంలో వికారం, తలనొప్పి, కాస్త కంగారు ఉండొచ్చు. మేలు కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తి ఫలితానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఇబ్బందులు ముందు, మేలు తర్వాత. పదో రోజున "ఇది నాకు పడలేదు" అని మానేసేది ఇందుకే. అమెరికాలో జరిగిన స్టార్-డి అనే పెద్ద అధ్యయనంలో మొదటి మందుతో లక్షణాలు పూర్తిగా పోయింది సుమారు మూడోవంతు మందికే. మిగతావాళ్ళలో చాలామందికి మందు మార్చాకో, ఇంకొకటి కలిపాకో నయమైంది. లైంగిక ఆసక్తి తగ్గితే సిగ్గుపడకుండా చెప్పండి, దానికీ మార్గాలున్నాయి.

బాగైపోయింది కదా అని ఆపేయడం ఇంకో పెద్ద పొరపాటు. లక్షణాలు పోయాక కూడా కనీసం ఆరు నెలలు కొనసాగించాలి. పదేపదే వచ్చేవాళ్ళకు రెండేళ్ళు, ఇంకా ఎక్కువ కూడా అవసరం కావచ్చు.

రెండు జాగ్రత్తలు. 25 ఏళ్ళ లోపువాళ్ళలో మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరిగే అవకాశం ఉంది కాబట్టి దగ్గరగా కనిపెట్టి ఉండాలి. అలాగే, గతంలో ఎప్పుడైనా నిద్ర లేకపోయినా విపరీతమైన హుషారు, విచ్చలవిడి ఖర్చు, ఆగని మాటలు ఉన్న రోజులుంటే తప్పక చెప్పండి. అది బైపోలార్, అంటే దిగులూ విపరీతమైన హుషారూ మారిమారి వచ్చే జబ్బు కావచ్చు, దానికి చికిత్స వేరు.

అపోహ: "కౌన్సెలింగ్ అంటే కబుర్లేగా, ఫ్రెండ్‌తో మాట్లాడితే చాలదా?"

వాస్తవం: ఫ్రెండ్ కావాల్సిందే. థెరపీ పని వేరు. 1960లలో ఆరన్ బెక్ అనే సైకియాట్రిస్ట్ రూపొందించిన సీబీటీ (ఆలోచనల తీరునూ ప్రవర్తననూ మార్చే థెరపీ)లో ఆలోచనను బయటపెట్టి పరీక్షిస్తారు. "ఫోన్ ఎత్తలేదంటే నన్ను వదిలించుకోవాలనుకుంటోంది" అన్నదానికి ఆధారమేంటి, వేరే కారణం ఉండొచ్చా అని రాయిస్తారు. హోంవర్క్ ఉంటుంది, సాధారణంగా 12 నుంచి 20 సెషన్లు పడుతుంది. జబ్బు ముదిరినప్పుడు మందులూ థెరపీ కలిపి వాడితే ఫలితం మెరుగ్గా ఉంటుంది.

అపోహ: "బిడ్డ పుట్టింది, సంతోషంగా ఉండాలి కదా!"

వాస్తవం: ప్రసవమైన కొత్తలో ఏడుపు, కంగారు చాలామంది తల్లులకు ఉంటాయి, రెండు వారాల్లోపు తగ్గిపోతాయి. తగ్గకపోతే అది డిప్రెషన్ కావచ్చు. గర్భిణుల్లో, బాలింతల్లో పది శాతానికి పైగా దీని బారిన పడతారు. పాలిచ్చే తల్లులు వాడదగిన మందులున్నాయి. లేని గొంతులు వినిపిస్తున్నా, బిడ్డ గురించి వింత నమ్మకాలు పుట్టినా అది ఎమర్జెన్సీ.

అపోహ: "ఆత్మహత్య గురించి అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టే."

వాస్తవం: కాదు. అడగడం వల్ల ప్రమాదం పెరగదని పరిశోధనలు చెబుతున్నాయి. చాలామందికి అడిగినందుకే గుండె బరువు దిగుతుంది. నేను సూటిగానే అడుగుతాను: "ఇంత కష్టంగా ఉన్నప్పుడు చచ్చిపోవాలనిపిస్తుందా? ఎలా అన్నది కూడా ఆలోచించారా?" మీరూ అడగొచ్చు. "అలాంటివేం లేవు కదా?" అని మాత్రం అడగకండి. ఆ ప్రశ్నలోనే లేదని చెప్పమన్న ఒత్తిడి ఉంది. అవునంటే తిట్టొద్దు, ఒట్టు వేయించుకోవద్దు, ఎవరికీ చెప్పనని మాటివ్వద్దు. ఒంటరిగా వదలకండి. పురుగుమందు, నిల్వ ఉన్న మాత్రలు, ఆయుధాలు అందకుండా తీసేయండి. వెంటనే ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి లేదా ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి.

అపోహ: "మళ్ళీ వచ్చిందంటే చికిత్స దండగ అయినట్టే."

వాస్తవం: ఒకసారి డిప్రెషన్ వచ్చినవాళ్ళలో సుమారు సగం మందికి ఎప్పుడో ఒకప్పుడు మళ్ళీ రావచ్చు. రెండోసారి తొందరగా పట్టుకోగలిగితే తొందరగా తగ్గించవచ్చు. బాగున్న రోజుల్లోనే మీ తొలి గుర్తులు రాసి పెట్టుకోండి. ఇవి మనిషి మనిషికీ మారతాయి. ఒకరు ఫోన్లు ఎత్తడం మానేస్తారు, ఒకరికి తెల్లవారుజామునే మెలకువ వస్తుంది, ఒకరు స్నానం వాయిదా వేస్తుంటారు. ఇంట్లో ఒకరికి ఆ కాగితం చూపించి ఉంచండి. వాటిలో రెండు మూడు వారం పాటు వరసగా కనిపిస్తే అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. దానికీ ఓపిక లేకపోతే ఆ ఫోన్ ఆ కాగితం చూసినవాళ్ళే చేస్తారు.