బల్ల మీద పనిచేసింది, ఇక అమ్మొచ్చా?

చిరంజీవులకు ఆశీస్సులు.

ఇంజినీరింగో, పాలిటెక్నికో, ఐటీఐయో చదువుతూ ఇంట్లో ఒక మూల సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్ పెట్టుకుని ఏదో ఒకటి తయారుచేసే పిల్లలు నాకు తరచూ వీడియోలు పంపిస్తుంటారు. ఎక్కువగా వచ్చేది ట్యాంకు నిండగానే మోటారు దానంతటదే ఆగిపోయే సర్క్యూట్. బకెట్లో నీళ్లు పోస్తారు, రిలే, అంటే కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్చు, టక్కుమంటుంది, లైటు ఆరిపోతుంది. కింద ప్రశ్న: "పెదనాన్నా, దీన్ని అమ్మొచ్చా?"

అమ్మొచ్చు. డాబా మీద ట్యాంకు, కింద బోరు ఉన్న ఇళ్లు మన దగ్గర వీధి వీధికీ ఉన్నాయి. ట్యాంకు పొర్లి నీళ్లు రోడ్డు మీద పారే ఇళ్లూ అన్నే ఉన్నాయి. నేను హైదరాబాద్‌లో కుషాయిగూడ వైపు చిన్న షెడ్డులో మోటారు కంట్రోల్ ప్యానెళ్లు చేస్తూ, వాటి సర్వీసు కూడా నేనే చూసుకుంటూ వచ్చినవాణ్ణి. అందుకే ఈ ఒక్క వస్తువునే పట్టుకుని, బల్ల మీది సర్క్యూటు కొట్లో అమ్మే పెట్టె అయ్యేలోపు ఏమేం చూసుకోవాలో రాస్తాను.

ముందు డబ్బు లెక్క. ఎమ్మార్పీ 2000 రూపాయలు అనుకుందాం. జీఎస్టీ 18 శాతం అందులోనే ఉంటుంది కాబట్టి 305 తీసేస్తే 1695. డిస్ట్రిబ్యూటరు, కొట్టాయన కలిసి అందులో 30 శాతం తీసుకుంటే మీ చేతికి 1187 వస్తుంది. విడిభాగాలు, డబ్బా, వైర్లకు 600, బిగింపు, టెస్టింగ్, ప్యాకింగ్, రవాణాకు 200 వేసుకోండి. మిగిలేది 387. షెడ్డు అద్దె, ఫోన్ బిల్లు, మీ కష్టం అన్నీ ఇందులోంచే. ఇంతలో భువనగిరి నుంచి ఫోన్ వస్తుంది, పీసు పనిచేయట్లేదని. బస్సు, ఆటో ఛార్జీలు, మార్చి ఇచ్చిన కొత్త పీసు కలిపితే మూడు పీసుల మీద వచ్చిన లాభం ఆ ఒక్క పూటలో పోతుంది. అందుకే డిజైన్ మీద కూర్చున్నప్పుడు "ఇది ఎందుకు తిరిగొస్తుంది?" అని అడుగుతూ ఉండమంటాను. నేను చూసినంతలో చిన్నవాళ్ల వ్యాపారాలు అమ్మకాలు లేక ఆగిపోవడం తక్కువ, గ్యారంటీ మోయలేక ఆగిపోవడం ఎక్కువ.

ఈ పెట్టెలు తిరిగొచ్చే కారణాల్లో మొదటిది ట్యాంకులో వేలాడే ప్రోబులు. రెండు కడ్డీలకు 5 వోల్టుల డీసీ ఇచ్చి, వాటి మధ్య నీళ్లు తగిలాయా లేదా అని చూడటం పుస్తకంలో నేర్పే పద్ధతి. బకెట్లో చక్కగా పనిచేస్తుంది. ట్యాంకులో రాత్రింబగళ్లు కరెంటు పారుతూ ఉంటే విద్యుద్విశ్లేషణ మొదలవుతుంది. పాజిటివ్ కడ్డీ కొద్దికొద్దిగా కరిగిపోతుంది. నెగెటివ్ కడ్డీ మీద సున్నం తెల్లగా పేరుకుంటుంది, మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ కాబట్టి ఇంకా తొందరగా. అలా వచ్చిన ప్రోబును చేత్తో పట్టుకుని చూస్తే ఒక కడ్డీ పెన్సిల్ ముల్లులా సన్నబడి ఉంటుంది, ఇంకోదాని మీద గోటితో గీకినా రాని పెచ్చు ఉంటుంది. ఆ పెచ్చు కరెంటును ఆపుతుంది. కడ్డీలు నీళ్లలో మునిగినా బోర్డుకు తెలియదు, మోటారు ఆగదు.

మందు సులభమే. ప్రోబుకు ఆపకుండా కరెంటు ఇస్తూ ఉండకండి. రెండు మూడు సెకన్లకోసారి కొన్ని మిల్లీసెకన్లు మాత్రం ఇచ్చి చదవండి, వెంటనే ప్లస్ మైనస్ తారుమారు చేసి అంతే సేపు ఇవ్వండి. మైక్రోకంట్రోలర్ (ప్రోగ్రాం నడిపే చిప్పు) పిన్నులు రెండు ఉంటే చాలు, పైసా ఖర్చు లేదు. కడ్డీలు స్టెయిన్‌లెస్ స్టీలువి, 316 రకం దొరికితే మరీ మంచిది. పైపులోంచి నీళ్లు పడేటప్పుడు చిందుతాయి కాబట్టి ఒక్కసారి తడి తగలగానే ఆపేయకుండా, నాలుగైదు సెకన్లు వరుసగా అదే రీడింగ్ వస్తేనే నమ్మేలా ప్రోగ్రాం రాయండి. డాబా మీది నుంచి కిందికి వచ్చే పొడుగాటి వైరు పిడుగుల కాలంలో వోల్టేజిని మోసుకొస్తుంది. ఆ వైరు బోర్డులోకి వచ్చే చోట ఒక రెసిస్టరు, హఠాత్తుగా వచ్చే అధిక వోల్టేజిని అడ్డుకునే ఒక టీవీఎస్ డయోడు తప్పనిసరి.

రెండోది రిలే. మీరందరూ వాడే నీలం రంగు చిన్న రిలే మీద 10 ఆంపియర్లు, 250 వోల్టులు అని రాసి ఉంటుంది. ఒక హార్స్‌పవర్ సింగిల్ ఫేజ్ మోటారు ఆరేడు ఆంపియర్లే కదా, సరిపోతుందని అనుకుంటారు. ఆ 10 అన్నది హీటరు లాంటి లోడ్లకు చెప్పిన మాట. మోటారు స్టార్ట్ అయ్యే క్షణంలో మామూలుకు ఐదారు రెట్లు లాగుతుంది. ప్రతిసారీ కాంటాక్టుల మధ్య నిప్పురవ్వ లేస్తుంది, లోహం కరిగి ఒకరోజు రెండూ అతుక్కుపోతాయి. పెట్టె మీద లైటు "ఆఫ్" చూపిస్తుంది, లోపల మోటారు నడుస్తూనే ఉంటుంది. ఇంట్లోవాళ్లకు ఏమీ అర్థం కాదు. ఇలాంటి ఫిర్యాదు నా దృష్టిలో చాలా పెద్దది, ఎందుకంటే ఆ లైటును నమ్మి ఎవరైనా మోటారు మీద చెయ్యి వేయొచ్చు.

చిన్న రిలేతో కాంటాక్టర్ (మోటార్లకు వాడే పెద్ద రిలే లాంటిది) కాయిల్‌ను మాత్రమే నడిపించండి, మోటారు బరువు కాంటాక్టర్ మోస్తుంది. కాంటాక్టర్ కొనేటప్పుడు దాని మీది ఏసీ-3 రేటింగ్ చూడండి, మోటార్లకు చెప్పేది అదే. కాయిల్‌కు అడ్డంగా 100 ఓముల రెసిస్టరు, 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 (మెయిన్స్ కరెంటు మీద వాడే రకం) కెపాసిటర్ సిరీస్‌లో పెట్టండి. అవి లేకపోతే కాంటాక్టర్ పడిన ప్రతిసారీ వచ్చే స్పైక్‌కు మీ ప్రాసెసర్ రీసెట్ అవుతుంటుంది. ప్రోగ్రాంలో తప్పేదో ఉందని రాత్రంతా వెతుకుతారు.

మూడోది కరెంటు. పల్లెల్లో సాయంత్రం 160 వోల్టులు చూడొచ్చు. స్తంభం మీద న్యూట్రల్ ఊడితే అదే ఇంటికి 400 దాకా రావొచ్చు. అధిక వోల్టేజి నుంచి బోర్డును కాపాడటానికి పెట్టే 275 వోల్టుల వేరిస్టర్ ఆ దెబ్బకు కాలిపోతుంది, దాని ముందు ఫ్యూజు లేకపోతే డబ్బా కూడా అంటుకోవచ్చు. పోయిన కరెంటు తిరిగొచ్చిన వెంటనే మోటారు స్టార్ట్ కాకూడదు. వీధిలో అందరి మోటార్లూ ఒక్కసారే లేస్తే వోల్టేజి పడిపోతుంది. ఒకటి రెండు నిమిషాలు, పీసుకు పీసుకు కాస్త తేడాతో, ఆగేలా పెట్టండి.

ఈ సందర్భంలో ఒక విషయం చెప్పాలి. తెలంగాణలో ఒకప్పుడు వ్యవసాయానికి కరెంటు ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు. అర్ధరాత్రి పొలానికి పోలేక రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు, కరెంటు రాగానే మోటారు నడిచేది. 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు మొదలైంది. ఇక అదే ఆటో స్టార్టర్ ఉంటే మోటారు ఆపేవాళ్లు లేక భూగర్భజలం అడుగంటుతుందని, వాటిని తీసేయమని ప్రభుత్వమే రైతులను కోరింది. స్టార్టర్ మారలేదు, కరెంటు మారింది. మీ పెట్టె ఏ ఊళ్లో, ఎలాంటి సరఫరా మీద, ఎవరి చేతిలో నడుస్తుందో వెళ్లి చూడకుండా డిజైన్ మొదలుపెట్టకండి.

వేడి సంగతి తేలిగ్గా తీసుకునేవాళ్లే ఎక్కువ. రామగుండం, కొత్తగూడెం వైపు ఎండాకాలం నీడలోనే 45 డిగ్రీలు ఉంటుంది. ఎండ తగిలే గోడ మీది డబ్బా లోపల 65 అనుకోండి. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ప్రతి 10 డిగ్రీలు తగ్గితే రెట్టింపు కాలం బతుకుతుంది. 105 డిగ్రీల దగ్గర 2000 గంటలు అని ఉన్నది 65 దగ్గర 32,000 గంటలు వస్తుంది, అంటే మూడున్నర ఏళ్లు దాటి. అదే 85 డిగ్రీల రకం అయితే 8000 గంటలు, ఏడాది కూడా నిండదు. రెండింటి ధరలో తేడా రూపాయో రెండో. కోఠి గుజరాతీ గల్లీలో నమూనాకు కావలసినవన్నీ దొరుకుతాయి, నాకు ఆ గల్లీ అంటే ఇప్పటికీ ఇష్టమే. అమ్మకానికి చేసే పీసులకు మాత్రం కెపాసిటర్లు, ఐసీలు (చిప్పులు) బిల్లు ఇచ్చే అధీకృత డిస్ట్రిబ్యూటర్ల దగ్గరే కొనండి. ఒకే ఐసీ మీద ఆధారపడకుండా అదే కాళ్ల అమరికతో ఇంకో కంపెనీది ఉందో లేదో ముందే చూసుకోండి. కరోనా తర్వాత చిప్పులు దొరకని రోజుల్లో ఎందరో చిన్న తయారీదారుల పని ఆగిపోయింది.

బోర్డు గీయడానికి కైక్యాడ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, సరిపోతుంది. ఫ్యాబ్రికేషన్‌కు పంపే ముందు లేఅవుట్‌ను అసలు సైజులో కాగితం మీద ప్రింట్ తీసి, విడిభాగాలను దాని మీద నిలబెట్టి చూడండి. రిలే కాళ్లు సరిపోవట్లేదని అప్పుడే తెలుస్తుంది. 230 వోల్టుల రాగి గీతకూ 5 వోల్టుల గీతకూ మధ్య కనీసం 6 మిల్లీమీటర్లు వదలండి, వీలైతే మధ్యలో బోర్డును కోసి గాడి పెట్టండి. డబ్బాకు అచ్చు చేయించడం లక్షల్లో పని. మొదట్లో రెడీమేడ్ డబ్బాలు కొని రంధ్రాలు చేసుకోండి. రాయదుర్గంలోని టీ-వర్క్స్ లాంటి చోట నమూనా చేసుకునే యంత్రాలున్నాయి. వైరు దూరే ప్రతి రంధ్రానికీ గ్లాండ్ (వైరు చుట్టూ సందు మూసే బిరడా) బిగించండి. వదిలేస్తే చీమలు రిలేలో గూడు పెడతాయి, బల్లి లోపలికి పోయి షార్ట్ చేస్తుంది.

మెయిన్స్ మీద టెస్ట్ చేసేటప్పుడు ఒంటరిగా ఉండొద్దు. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (షాక్ తగిలితే కరెంటును వెంటనే తెంచేసే స్విచ్చు) లేకుండా బల్లకు కరెంటు ఇవ్వొద్దు. ఇది బతిమాలి చెబుతున్నాను.

కాగితాల పని చాలామంది చివరికి వదిలేస్తారు. వైఫై, బ్లూటూత్ ఉన్న పెట్టెకు టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ నుంచి ఈటీఏ అనే అనుమతి ఉండాలి, అది ఉన్న మాడ్యూల్‌నే ఎంచుకోండి. అడాప్టర్ మీరు తయారుచేయకుండా బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నంబరు ఉన్నది కొనండి. ప్యాకెట్ మీద మీ పేరు, చిరునామా, తయారైన నెల, ఎమ్మార్పీ, ఫిర్యాదుకు ఫోన్ నంబరు ఉండాలి. రాష్ట్రం దాటి సరుకు అమ్మాలంటే మొదటి పీసు నుంచే జీఎస్టీ నంబరు కావాలి. చిన్న పరిశ్రమలకు కేంద్రం ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం, ఎవరైనా దానికి డబ్బు అడిగితే ఇవ్వకండి.

ఇక అమ్మకం. మొదటి పది పీసులను బంధువులకు పంచకండి, వాళ్లు మొహమాటంతో బాగుందంటారు. ఊళ్లో ఎలక్ట్రీషియన్లకు, బోరు మెకానిక్‌లకు ఇవ్వండి. ఇంటివాళ్లు ఏది కొనాలో వాళ్లనే అడుగుతారు, పాడైతే తిట్లు తినేది కూడా వాళ్లే, కాబట్టి నిజం చెబుతారు. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచాక వందకు వెళ్లండి.

ప్రతి పీసు మీద సీరియల్ నంబరు వేయండి. ఎవరికి ఇచ్చారో, ఏ బ్యాచ్ కెపాసిటర్లు వాడారో నోట్‌బుక్‌లో రాయండి. తిరిగొచ్చిన పెట్టెను వెంటనే బాగుచేయకండి. ముందు ఫొటో తీసి, విప్పి, ఏం పోయిందో, ఎందుకు పోయిందో ఆ నంబరు ఎదురుగా రాశాకే ఐరన్ వేడిచేయండి. మూత లోపలి వైపు వైరింగ్ బొమ్మ తెలుగులో, పెద్ద అక్షరాలతో, వైర్ల రంగులతో సహా అంటించండి. పెట్టె బిగించే ఎలక్ట్రీషియన్ నిచ్చెన మీద నిలబడి చదువుకోవాలి కాబట్టి అక్షరాలు ఎంత పెద్దవైతే అంత మంచిది.

మీ పెదనాన్న