ఇల్లు మారేటప్పుడు నష్టం మొదలయ్యేది లారీలో కాదు: అపోహలు - వాస్తవాలు

నేను బెంగళూరు వచ్చి పదిహేనేళ్లు దాటింది. మాది మదనపల్లె దగ్గర పల్లె. ఇళ్ల సామాను తరలించే ప్యాకర్స్ అండ్ మూవర్స్ పనిలో మొదట పెట్టెలు మోశాను, తర్వాత ప్యాకింగ్ నేర్చుకున్నాను. ఇప్పుడు ఇంటికి వెళ్లి సామాను చూసి అంచనా రాసివ్వడం, కుర్రవాళ్ల జట్టును దగ్గరుండి నడిపించడం నా పని. మారతహళ్లి, కె.ఆర్. పురం, బెళ్లందూరు వైపు తెలుగువారి ఇళ్లే నాకు ఎక్కువగా వస్తాయి. హైదరాబాదుకో విజయవాడకో తిరిగి వెళ్లేవారు కొందరు, అద్దె పెరిగి ఊళ్లోనే మరో పేటకు మారేవారు కొందరు.

గొడవతో ముగిసిన ఇళ్లన్నీ గుర్తు చేసుకుంటే నాకు ఒకటే కనబడుతుంది. వస్తువు పగిలింది దారిలోనే కావచ్చు, కానీ లారీ గుమ్మం ముందుకు రాకముందే దానికి కారణం తయారై ఉంటుంది. ఎవరో ఒకరు చెప్పవలసింది చెప్పి ఉండరు. లేదా చెప్పిన మాట కాగితం మీదకు ఎక్కి ఉండదు.

అపోహ: ఫోనులో నలుగురిని అడిగి, తక్కువ చెప్పినవారికి పని ఇస్తే చాలు.

ఫోనులో "రెండు పడక గదుల ఇల్లు" అని చెబితే మాకు తెలిసేది గోడల లెక్కే, సామాను లెక్క కాదు. ఒకే అపార్టుమెంటులో, ఒకే కొలతల ఇళ్లలో ఒకదాని సామాను 14 అడుగుల లారీలో సర్దుకుంటుంది, పక్కదానికి 17 అడుగులది కావాలి. ఆ తేడా హాల్లో కనబడదు. అటక మీద, మంచం కింది పెట్టెలో, వంటింటి బాల్కనీలో ఉంటుంది.

కె.ఆర్. పురంలో ఒక పెద్దావిడ "అటక మీద ఏమీ లేవు నాయనా, పాత డబ్బాలు" అన్నారు. "ఒక్కసారి చూస్తానమ్మా" అని నిచ్చెన వేసుకుని ఎక్కాను. పాత చీరల్లో చుట్టిన మూటలు పదకొండు. ఒకటి విప్పితే కొండపల్లి ఏనుగు అంబారీ. గొడుగు కాడ అగ్గిపుల్లంత సన్నం, రంగు కూడా అక్కడక్కడా పెచ్చులూడింది. అవి వాళ్ల అమ్మగారి నుంచి వచ్చిన కొలువు బొమ్మలట. వాటి వెనుక రెండు ఇత్తడి గుండిగలు, ఒక గంగాళం, చెక్క ఉయ్యాల. ఒక్కో బొమ్మను ఫోమ్ షీటులో చుట్టి, పెట్టెలో విడివిడి అరలు కట్టి పెట్టడానికి ఇద్దరికి మూడు గంటలు పట్టింది. ముందుగా చూడకపోతే ఏమయ్యేది? ఎక్కింపు రోజు సాయంత్రం, లారీ నిండిపోయాక, ఆ మూటలు గుండిగలతో కలిపి గోనెసంచిలో పడేవి. నేనే అలా వేయవలసి వచ్చేది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

అతి తక్కువ ధర చెప్పేవారిలో కొందరి పద్ధతి నాకు తెలుసు. సామాను సగం ఎక్కాక "మీరు చెప్పినదానికంటే ఎక్కువ ఉంది" అంటారు. ఇల్లు ఖాళీ చేసేశారు, అటు కొత్త ఇంటి అద్దె మొదలైంది, మీరు కాదనలేరు. ఇంకా దారుణం, దారి మధ్యలో లారీ ఆపి అడగడం. మా వృత్తికి ఇంతకన్నా సిగ్గుచేటు లేదు. కాబట్టి కనీసం ముగ్గురిని ఇంటికి పిలవండి, కుదరకపోతే వీడియో కాల్‌లో అటకతో సహా చూపించండి. అంచనా కాగితంలో వస్తువుల జాబితా, ఎన్నో అంతస్తు, లిఫ్టు ఉందా లేదా, ఎక్కింపు, దింపుడు, టోలు, పన్ను విడివిడిగా ఉండాలి. బిల్లు మీది జీఎస్టీ నంబరు ఎవరి పేరున ఉందో ఆ శాఖ పోర్టల్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. అడ్వాన్సు కొద్దిగానే ఇవ్వండి.

ఇంకొక ప్రశ్న తప్పక అడగండి: లారీ మా ఒక్కరికేనా, ఇతరుల సామానుతో కలిపి వెళ్తుందా? కలిపితే ఖర్చు తగ్గుతుంది, నిజమే. కానీ అప్పుడు సామాను గోదాములో దిగి మళ్లీ ఎక్కుతుంది. హైదరాబాదు ఇక్కడికి సుమారు 570 కిలోమీటర్లు, నేరుగా బయలుదేరిన లారీ మరుసటి రోజుకు చేరుతుంది. కలిపి పంపితే నాలుగైదు రోజులు కూడా పట్టవచ్చు. ఏది ఎంచుకున్నా తప్పు లేదు, అది ముందే తెలిసి ఉండాలి.

అపోహ: ఇన్సూరెన్సుకు డబ్బు కట్టాం, ఇక భయం లేదు.

ఇక్కడే చాలామంది మోసపోతున్నారు. బిల్లులో "ఎఫ్ఓవీ" (ఫ్రైట్ ఆన్ వాల్యూ) అనో "రిస్కు చార్జీ" అనో సామాను విలువ మీద శాతం లెక్కన వసూలు చేసే సొమ్ము చాలాసార్లు మూవర్ల దగ్గరే ఉంటుంది. అది ఏ బీమా కంపెనీకీ చేరదు. పగిలితే ఎంత ఇవ్వాలో వాళ్లే నిర్ణయిస్తారు. నిజమైన రవాణా బీమా అయితే బీమా కంపెనీ పేరుతో, పాలసీ నంబరుతో ధ్రువపత్రం వస్తుంది. లారీ కదలకముందే అది మీ చేతికి రావాలి. "తర్వాత పంపిస్తాం" అంటే ఒప్పుకోకండి.

నిజమైన బీమాలో కూడా నగలు, నగదు, దస్తావేజులు సాధారణంగా లెక్కలోకి రావు. మీరే సర్దిన పెట్టెలో పగిలినవాటికి పరిహారం రావడం కష్టం. టీవీ పైకి గీత కూడా లేకుండా ఉండి, లోపల పని చేయకపోతే అదీ కష్టమే. అందుకే విప్పకముందు టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ నడుస్తుండగా ఫోనులో వీడియో తీసి ఉంచుకోండి. రోడ్డు రవాణాదారుల బాధ్యతలకు 2007 నాటి చట్టం ఒకటి ఉంది. దాని ప్రకారం నష్టం గురించి బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వకపోతే తర్వాత దావా వేయడం కుదరదు. ఫోనులో ఎన్ని మాటలు అనుకున్నా నోటీసు కిందికి రావు.

అపోహ: ప్యాకింగ్ వాళ్ల పని, మనం చేయవలసింది ఏమీ లేదు.

పెట్టెల్లో పెట్టడం మా పనే. కానీ కొన్ని పనులు మేము వచ్చేసరికే అయిపోయి ఉండాలి. ఫ్రిజ్ ముందు రోజే ఆపి, మంచు కరగనిచ్చి, తుడిచి, తలుపు కొద్దిగా తెరిచి ఉంచాలి. తడితో చుట్టేస్తే రెండు రోజుల్లో బూజు పడుతుంది. దాన్ని నిలువుగానే తీసుకువెళ్లాలి. పడుకోబెడితే కంప్రెసర్‌లోని నూనె గొట్టాల్లోకి పాకుతుంది. కొత్త ఇంట్లో దించాక కొన్ని గంటలు ఆగి స్విచ్చి వేయండి. ముందు తలుపు ఉండే వాషింగ్ మెషిన్ కొన్నప్పుడు వెనుక నుంచి తీసిచ్చిన పొడవాటి బోల్టులు దాచారా? డ్రమ్ము ఊగకుండా పట్టి ఉంచేవి అవే, అవి లేకుండా లారీ ఎక్కిస్తే లోపలి భాగాలు దెబ్బతింటాయి. ఏసీ గ్యాసును మెకానిక్ చేత బయటి యూనిట్‌లోకి లాగించి బిగించాకే గొట్టాలు విప్పాలి. గ్రైండరు రాళ్లు బయటికి తీసి విడిగా చుట్టాలి.

గ్యాస్ సిలిండరు లారీలో ఎక్కించం. వేరే ఊరికి వెళ్తుంటే సిలిండరు, రెగ్యులేటరు ఏజెన్సీకి అప్పగించి టెర్మినేషన్ వోచరు తీసుకోండి, కొత్త ఊళ్లో దాన్ని చూపించి కనెక్షన్ తీసుకోవచ్చు. లారీలో పంపే మీ బండిలో పెట్రోలు తీసేయండి, ఆర్సీ, బీమా ప్రతులు మాకు ఇవ్వండి. వాహనం వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంటే అక్కడి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కాబట్టి ఆర్టీఓ దగ్గర నిరభ్యంతర పత్రం పనిని ఇక్కడ ఉండగానే చూసుకోండి.

ఆవకాయ సంగతి విడిగా చెప్పాలి. జాడీకి వాసెన కట్టి "కదలదులే" అనుకుంటారు. ఇంట్లో కదలదు. లారీ కుదుపుకు ముక్క అడుగుకు దిగి, నూనె పైకి తేలి, గుడ్డలోంచి ఊరుతుంది. ఒకసారి హైదరాబాదులో పెట్టె విప్పితే అట్టపెట్టె అడుగు ఎర్రగా నానిపోయి ఉంది. కింది పెట్టెలో పెళ్లి పట్టుచీర. ఆ ఇంటావిడ ఏమీ అనలేదు, చీరను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. అప్పటి నుంచి పచ్చడి కనబడితే మరమూత డబ్బాలోకి మార్పించి, రెండు ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, పక్కన బట్టలు లేని పెట్టెలో పెట్టిస్తున్నాను. కుదిరితే మీతోనే కారులో తీసుకువెళ్లండి.

అపోహ: పెద్ద పెట్టెలైతే తక్కువ పెట్టెల్లో పని అయిపోతుంది.

పుస్తకాలకు చిన్న పెట్టెలే వాడాలి, పెద్దవాటికి అడుగు ఊడుతుంది. దిండ్లు, దుప్పట్లు పెద్దవాటిలో. పింగాణీ పళ్లేలు ఒకదానిపై ఒకటి పడుకోబెట్టకుండా నిలువుగా పెట్టాలి.

అపోహ: ఊళ్లోనే కదా, పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి అయిపోతుంది.

బెంగళూరులో దూరాన్ని కిలోమీటర్లతో కొలిస్తే లాభం లేదు. రద్దీ వేళల్లో పెద్ద వాహనాలను చాలా రోడ్ల మీదకు రానివ్వరు. అపార్టుమెంట్లలో బయటికి వెళ్లే అనుమతి పత్రం లేకపోతే కాపలాదారు గేటు తీయడు. యజమాని సరేనన్నాకే సంఘం ఆ పత్రం ఇస్తుంది, యజమానితో అడ్వాన్సు లెక్క, పెయింటింగ్ పేరిట అందులో ఒక నెల అద్దె కోసుకునే లెక్క ఆ రోజే తేల్చుకుందామనుకుంటే లారీ గేటు లోపల నిలబడిపోతుంది. రెండు అపార్టుమెంట్లలోనూ సామాను లిఫ్టు ఏ వేళల్లో ఇస్తారో రెండు రోజుల ముందే అడగండి.

అపోహ: పాలు పొంగించే ముహూర్తానికే సామానూ దిగాలి.

ఆషాఢం వెళ్లి శ్రావణం రాగానే మాకు క్షణం తీరిక ఉండదు. ఒకే మంచి రోజుకు పది ఇళ్లవారు అడుగుతారు. ముహూర్తానికి కావలసింది దేవుడి పటం, దీపపు కుందె, పాల గిన్నె, పసుపు కుంకుమలు, ఒక చిన్న పొయ్యి. అవి మీ కారులో వెళ్లనివ్వండి. సామాను తర్వాత, వారం మధ్యలో, నెల మధ్యలో దించుకుంటే ధర తగ్గుతుంది, మా కుర్రవాళ్లు కూడా అలసట లేకుండా పని చేస్తారు.

అపోహ: ఆఫీసు మారడమూ ఇల్లు మారడమూ ఒకటే.

కాదు. వాడిన ఇంటి సామానుకు ఈ-వే బిల్లు (జీఎస్టీ కింద సరుకు రవాణాకు తీసుకునే పత్రం) అక్కరలేదు. ఆఫీసు సామానుకు ఆ మినహాయింపు లేదు, విలువ 50,000 రూపాయలు దాటితే తీసుకోవాలి. కంప్యూటర్లలోని సమాచారాన్ని ముందే వేరే చోట భద్రపరచుకోండి. ప్రతి తీగకూ అది ఏ బల్లదో చీటీ అంటించండి.

అపోహ: సామాను దిగింది, సంతకం పెట్టి పంపేయవచ్చు.

అలసిపోయి ఉంటారు, పిల్లలు ఆకలంటారు, అయినా ఆ పావుగంట ఓపిక పట్టండి. ప్రతి పెట్టె మీద నంబరు ఉంటుంది, జాబితా మీ చేతిలో ఉంటుంది. ఒక్కో నంబరుకు టిక్కు పెట్టండి, నొక్కుకుపోయిన పెట్టెను మా ఎదుటే విప్పించండి, దెబ్బ కనబడితే సంతకం పెట్టే కాగితం మీదే రాయండి, ఫోటో తీయండి. మొన్న విజయవాడలో 63 పెట్టెలు దించాం. లారీ ఖాళీ అయిందని కుర్రవాళ్లు తలుపు వేసేశారు. ఇంటాయన మాత్రం "తమ్ముడూ, 41వ నంబరు రాలేదు" అన్నారు. మళ్లీ తలుపు తీసి వెతికితే, మేము మడిచి పెట్టిన దుప్పట్ల కుప్ప కింద ఉంది. వాళ్ల గ్రైండరు రాళ్లు.